మూడో అంతస్తు శాతం

మనిషి గుండె ఎంత ముప్పులో ఉందో గుండెకు తెలియదు, మనిషికీ తెలియదు. ఆసుపత్రిలోని ముప్పు అంచనా విభాగానికే తెలుసు. ఆ విభాగం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు మరమ్మతులో ఉంది. (మరమ్మతు చేసేవాడు సెలవులో ఉన్నాడు.)

ఒక దర్జీకి గుండె రక్తనాళం పూడుకుపోయింది, స్టెంటు వేయాలన్నారు. వేసేటప్పుడు తేడా వచ్చే అవకాశం ఎంత శాతమో చీటీ తెస్తే గాని బల్ల ఎక్కించరట. ఆ అంకె ఆయనకూ కావాలి. నలభై ఏళ్లు కొలతలు తీసి బతికినవాడు, కొలత లేకుండా కత్తెర పడుతుందంటే ఎలా ఒప్పుకుంటాడు? పైగా భయంగా ఉంది, పైకి చెప్పడు గాని.

రెండో అంతస్తు దాటగానే కూలబడ్డాడు. "ఇక నావల్ల కాదే. నువ్వెళ్లి చెప్పు," అన్నాడు భార్యతో.

పైన అంచనా అధికారి కళ్లజోడు సవరించుకున్నాడు. "రోగే రావాలమ్మా. మెట్లెక్కడం కూడా పరీక్షే."

"ఎక్కలేకపోతేనండీ?"

"ఎక్కలేనివాళ్లు ఇంతవరకూ ఒక్కరూ ఇక్కడికి రాలేదమ్మా."

(నిజమే. పదకొండేళ్లుగా ఆ విభాగానికి అధిక ముప్పున్న రోగి ఒక్కడూ తగల్లేదు. అందుకిచ్చిన జ్ఞాపిక బల్లమీదే ఉంది.)

"మా ఆయన మెట్లమీద కూర్చున్నారండీ, ఒక్కసారి వచ్చి చూడండి."

"మెట్లమీదున్నవాళ్లు రోగుల కిందికి రారమ్మా, రాకపోకల కిందికి వస్తారు." అంతలోనే ఆయనకు జాలి కలిగింది. రోగి తరఫున బంధువు ఎక్కవచ్చని పద్నాలుగో నిబంధనలో ఉంది. "ఎన్నిసార్లు ఆగారు?"

"ఒక్కసారీ ఆగలేదు."

చీటీ చేతికొచ్చింది: సున్నా పాయింట్ ఏడు శాతం. కింద దర్జీ దాన్ని రెండుసార్లు చదివాడు. వారం రోజుల్లో మొదటిసారి ఆయన మొహంలో కళ కనిపించింది.

"ఇది నా గుండేనా?"

"నాదేలెండి. మీకు రాసిచ్చారు."

డాక్టరు చీటీ చూసి తెగ సంబరపడ్డాడు. "మూడంతస్తులు ఆగకుండా ఎక్కారా! ఇంత గట్టి గుండెకి తొందరేముంది పెద్దాయనా? ముందు అవసరమైనవాళ్లకి వేద్దాం. ఆర్నెల్లాగి రండి, అప్పటికి దీని గడువు తీరుతుంది, పైనుంచి కొత్తది తెచ్చుకోండి."

దర్జీ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. భార్య ఆయన చెయ్యి పట్టుకుని నెమ్మదిగా బయటికి నడిపించుకెళ్లింది.

సాయంత్రం అధికారి ఆనాటి రిజిస్టరు పూర్తిచేసి సంతకం పెట్టాడు. వచ్చినవారు: ఒకరు. ముప్పు ఉన్నవారు: ఎవరూ లేరు.