పన్నెండు ల్యాప్‌టాప్‌లకు ఒక జాగరణ అధికారి

"ఈస్ట్ హార్లో పట్టణం ఇవాళ్టితో బానిసత్వం నుంచి విముక్తి పొందింది" అని టౌన్ బోర్డు చైర్మన్ రోస్కో పెనిమన్ గారు అక్టోబరు మొదటి సోమవారం పొద్దున పదిన్నరకు లైబ్రరీ మెట్ల మీద నిలబడి ప్రకటించారు.

ముందురోజు దాకా తాము బానిసత్వంలో ఉన్నట్టు అక్కడ చేరిన పదిహేడు మందిలో ఎవరికీ తెలియదు. తెలియకుండానే విడుదలైపోవడం కూడా ఒక అదృష్టమే అనుకున్నాడు ఎల్వుడ్ తిబో. వెనక వరసలో, ఎండ పడే చోటు చూసుకుని నిలబడ్డాడు. అమెరికాలో చలికి పేరుపడ్డ వెర్మాంట్‌లో అక్టోబరు ఎండని వృథా చేయకూడదు.

విముక్తి ఏమిటంటే, లైబ్రరీలో ఉన్న పన్నెండు ల్యాప్‌టాప్‌లలో కొన్న సాఫ్ట్‌వేర్ తీసేసి, ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టం వేశారు. దాన్ని ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలేముందో చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. చైర్మన్ గారు రిబ్బను కత్తిరించారు. ఒక ల్యాప్‌టాప్ తెరిచారు. ఇంటర్నెట్ వచ్చింది. చప్పట్లు కొట్టారు. ఫొటో కోసం మూత మూసి మళ్ళీ తెరిచారు. ఇంటర్నెట్ పోయింది.

"చూశారా, ఎంత ప్రశాంతంగా ఉందో!" అన్నారు చైర్మన్ గారు.

జబ్బు అదే. ల్యాప్‌టాప్ మూత మూసినా, ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోయినా నిద్రలోకి పోతుంది. అందులో వింతేం లేదు, అన్ని ల్యాప్‌టాప్‌లూ పోతాయి. కానీ ఇవి నిద్ర లేచాక వైఫై రాదు. మొత్తం ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. మిసెస్ బిక్స్‌బీ చలికాలం ఇంటి హీటింగ్ ఖర్చుకి ప్రభుత్వ సాయం కోసం దరఖాస్తు నింపుతూ ఏడో పేజీలో ముక్కు చీదుకోవడానికి లేచింది. తిరిగొచ్చేసరికి ఏడు పేజీలూ లేవు. మూడుసార్లు అలాగే జరిగాక ఆవిడ లైబ్రరీకి రావడం మానేసి, ఇంట్లో రెండు స్వెట్టర్లు వేసుకోవడం మొదలుపెట్టింది.

చైర్మన్ గారు వెంటనే రంగంలోకి దిగారు. నిద్రే సమస్య అయితే నిద్రను నిషేధించాలన్నారు. పని వేళల్లో ఏ ల్యాప్‌టాపూ నిద్రపోరాదని బోర్డు తీర్మానం చేసింది. అమలు చేయడానికి జాగరణ అధికారి అనే పదవి పుట్టింది. దేశమంతా వెతికితే దొరకని అర్హతలన్నీ అదృష్టవశాత్తూ చైర్మన్ గారి బావమరిది డెల్బర్ట్‌లో ఉన్నాయి.

డెల్బర్ట్ మెడలో బ్యాడ్జీ వేసుకుని, నాలుగు నిమిషాలకోసారి పన్నెండు బల్లల చుట్టూ తిరుగుతూ ఒక్కో మౌస్‌నీ కొంచెం కదిపేవాడు. పన్నెండోది కదిపేసరికి మొదటిదానికి మళ్ళీ వేళయ్యేది. మంచివాడు. మధ్యాహ్నం గుడ్డు శాండ్‌విచ్ కూడా నడుస్తూనే తినేవాడు.

"కూర్చుని తినవయ్యా, అరక్కపోతే కష్టం" అనేవాడు ఎల్వుడ్.

"కూర్చుంటే మూడో నంబరు నిద్రపోతుంది ఎల్వుడ్ గారూ. నా ఉద్యోగం మీ అంత తేలికైంది కాదు."

ఎల్వుడ్‌ది ఉద్యోగం కాదు. టెలిఫోన్ కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. భార్య ఒడెట్ పోయి నాలుగేళ్ళు. ఇంట్లో గడియారం చప్పుడు మరీ పెద్దగా వినిపిస్తుంటే లైబ్రరీకి వచ్చేస్తాడు. ఇక్కడ కిటికీ పక్కన ఒడెట్ కూర్చునే కుర్చీ ఉంది. లైబ్రేరియన్ వెర్నా స్టాన్‌హోప్ పెట్టే కాఫీ ఉంది. అది బాగుండదు, కానీ వేడిగా ఉంటుంది. వారానికి ఐదు రోజులు ఎవరో ఒకరు "ఏంటి ఎల్వుడ్ గారూ" అంటారు. ఈ వయసులో మనిషికి ఇంతకంటే పెద్ద సదుపాయం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదని అతని నమ్మకం.

వెర్నా అనుమతితో ఒక ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్ళి పది రోజులు దానితో కూర్చున్నాడు. వైఫై కార్డుతో మాట్లాడడానికి సిస్టంలో డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. మూత తెరవగానే డ్రైవర్ కార్డుని "ఉన్నావా?" అని అడుగుతోంది. కార్డు ఇంకా కళ్ళు నులుముకుంటోంది. జవాబు రాకపోయేసరికి, కార్డు చచ్చిపోయిందని డ్రైవర్ నిర్ధారించుకుని వెళ్ళిపోతోంది. ఎల్వుడ్‌కి నవ్వొచ్చింది. నలభై రెండేళ్ళ కాపురంలో ఒడెట్‌ని కూడా మొదటి కప్పు కాఫీ పూర్తయ్యేదాకా ఏదీ అడగకూడదని అతను నేర్చుకున్నాడు. డ్రైవర్‌లో ఒక్క లైను చేర్చాడు: అడిగే ముందు ఇరవై మిల్లీసెకన్లు ఆగు.

వైఫై వచ్చింది. వందసార్లు మూసి తెరిచాడు. వందసార్లూ వచ్చింది. తర్వాత లైబ్రరీలో మిగతా పదకొండింటి కార్డులూ నిద్ర లేవడానికి ఎంతసేపు పడుతోందో అలాగే కొలిచి రాసుకున్నాడు.

ఆ లైను పట్టుకుని చైర్మన్ గారి ఆఫీసుకు వెళ్ళాడు. అంతా విని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అయితే దీన్ని ఎవరైనా బాగుచేయొచ్చంటారు."

"అవునండీ. ఎవరైనా."

"ఎవరైనా అంటే ఎవరి సంతకం ఉండాలి?"

"రాసినవాడిది."

"ఎవరుపడితే వాళ్ళు రాసింది మన మిషన్లలో ఎక్కిస్తామా? రేపు ఏదన్నా అయితే? సిస్టం తయారుచేసేవాళ్ళు ఆమోదించి అప్‌డేట్‌లో పంపిందే ఎక్కాలి. రూలు."

"సరేనండీ. వాళ్ళకి ఒక మెయిలింగ్ లిస్టు ఉంది, అందరి ఈమెయిళ్ళూ ఒకచోట చేరేది. అక్కడికి ఉత్తరం రాస్తే చూస్తారు."

"ఉత్తరం అంటే నేను రాయాలి" అన్నారు చైర్మన్ గారు గంభీరంగా. "ప్రపంచంతో పట్టణం తరఫున మాట్లాడేది నేను. మీరు ఒక్క లైనేగా రాశారు!"

చైర్మన్ గారు నాలుగు పేజీలు రాశారు. పైన పట్టణ ముద్ర, చుట్టూ బంగారు రంగు అంచు, ఎడమవైపు ఆయన ఫొటో, కుడివైపు ఆకులు రాలుతున్న ఈస్ట్ హార్లో. ఈ పట్టణం స్థాపన, స్వాతంత్ర్య పోరాటంలో దాని పాత్ర, తమ హయాంలో రెండు కల్వర్టుల పునర్నిర్మాణం, ఇవన్నీ మూడు రకాల అక్షరాల్లో వివరించారు. ఎల్వుడ్ లైను నాలుగో పేజీ చివర, ఫొటో కింద పడింది.

రెండు సెకన్లలో జవాబొచ్చింది. బోర్డు సమావేశంలో చైర్మన్ గారు దాన్ని ప్రింటు తీసిన కాగితం పైకెత్తి చూపించారు.

"రెండు సెకన్లు! రాష్ట్ర రహదారుల శాఖకి రాస్తే పదకొండు నెలలు పట్టింది. ప్రపంచంలో మన ఊరికి ఎంత మర్యాదో గమనించండి."

"ఏమని రాశారు?" అంది వెర్నా.

"సాంకేతిక భాషలో ఉంది. చాలా గౌరవంగా ఉంది."

ఎల్వుడ్ కాగితం తీసుకుని చదివాడు. "ఇది మిషన్ పంపిందండీ. బొమ్మలూ రంగులూ ఉన్న ఉత్తరం ఆ లిస్టులోకి పోదు. మనిషి దాకా వెళ్ళకుండానే తిరిగొచ్చేసింది. సాదా అక్షరాల్లో పంపమంటున్నారు. అక్కడ అందరూ అలాగే రాస్తారు, అదే పద్ధతి."

"సాదా అక్షరాలా? ముద్ర లేకుండానా?" చైర్మన్ గారి మొహం ఎర్రబడింది. "మనమేమన్నా ఆకాశరామన్న ఉత్తరాలు రాస్తున్నామా ఎల్వుడ్? ఇంకోసారి పంపండి. ఈసారి ముద్ర పెద్దది చేయండి."

ఆరుసార్లు పంపారు. ఆరుసార్లూ రెండు సెకన్లే. డిసెంబరు సమావేశంలో చైర్మన్ గారు లేచి, "ఈస్ట్ హార్లో ప్రతిపాదనపై ప్రపంచంలో ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగి, గదిలో ఉన్న ఆరుగురినీ ఒకసారి చూసి, "లేదు కనుక ఆమోదించబడింది" అని సుత్తితో బల్ల మీద కొట్టారు. వైఫై సమస్య డిసెంబరు పన్నెండు సాయంత్రం ఏడుంబావుకు అధికారికంగా పరిష్కారమైంది. అప్పటినుంచి దాని గురించి ఫిర్యాదులు తీసుకోవడం ఆపేశారు, లేని సమస్య మీద ఫిర్యాదు చేయడం కుదరదు కదా.

చిక్కల్లా లెక్కల్లో వచ్చింది. సమస్య పరిష్కారమైనా జనం లైబ్రరీకి రావడం లేదు. అంటే వాళ్ళకి లైబ్రరీ మీద ఆసక్తి పోయిందన్నమాట. మార్చి మొదటి మంగళవారం ఊరంతా చేరి ఓటేసే టౌన్ మీటింగ్ అజెండాలో పద్నాలుగో అంశంగా చేరింది: లైబ్రరీ మూసివేత.

ఆ నోటీసు తలుపుకి అంటించాక వెర్నా ఎల్వుడ్‌కి కాఫీ పోసి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆవిడ అలా కూర్చోవడం అరుదు.

"మీరెందుకు పంపరు ఆ లైను? సాదా అక్షరాల్లో?"

"ఆయన పంపుతానన్నాడు కదమ్మా. మధ్యలో నేను దూరితే బాగోదు."

"అబ్బ, ఎంత మర్యాదస్థులో! ఏప్రిల్‌లో ఈ తలుపుకి తాళం వేశాక మెట్ల మీద కూర్చుని మర్యాద చేసుకుందాం. ఒడెట్ గారి కుర్చీని వేలంలో ఎవరు పాడుకుంటారో కూడా చూద్దాం."

ఎల్వుడ్ కిటికీ వైపు చూశాడు. కుర్చీ మీద మంచు వెలుతురు పడుతోంది. కాఫీ పూర్తిగా తాగాడు. ఆ తర్వాత ఉత్తరం రాశాడు. బొమ్మలు లేవు. పట్టణ చరిత్ర లేదు. ముందు జబ్బు ఏమిటో రాయాలి, దానివల్ల జనం ఏం ఇబ్బంది పడుతున్నారో రాయాలి, తర్వాత మందు. ఆ లిస్టులో అదీ ఆచారం. రాశాడు. కింద తన పేరు పెట్టాడు.

నలభై నిమిషాలకి జవాబొచ్చింది. ఈసారి మనిషే. నార్వే నుంచి ఇంగున్ అనే ఆవిడ, ఆ డ్రైవర్ బాగోగులు చూసేది ఆవిడే. ఒక్క ప్రశ్న అడిగింది: "ఇరవై ఎందుకు?"

"పన్నెండు మిషన్ల మీద, ఒక్కోదాన్ని వందసార్లు చూశాను. లేవడానికి ఎక్కువలో ఎక్కువ పన్నెండు పట్టింది. ఇంకో ఎనిమిది ఊపిరి పీల్చుకోవడానికి ఇచ్చాను."

"తీసుకున్నాను. థాంక్స్."

అంతే. ఆ రెండు మాటలూ ఎల్వుడ్ చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఫిబ్రవరి చివరివారంలో అప్‌డేట్ వచ్చింది. తయారుచేసేవాళ్ళు పంపిందే కనుక రూలు ప్రకారమే వెర్నా పన్నెండింటిలోనూ ఎక్కించింది.

టౌన్ మీటింగ్ స్కూలు జిమ్‌లో జరిగింది. వెనక బల్లల మీద బీన్స్, డోనట్లు, ఎవరో తెచ్చిన మూడు రకాల మాకరోనీ. పద్నాలుగో అంశం రాగానే ఎల్వుడ్ ల్యాప్‌టాప్ పట్టుకుని లేచాడు. ప్రొజెక్టరుకి తగిలించాడు. మూత మూశాడు, తెరిచాడు. గోడ మీద ఇంటర్నెట్ వచ్చింది. మళ్ళీ మూశాడు, తెరిచాడు. వచ్చింది.

"మరి నా ఏడు పేజీలు?" అంది మిసెస్ బిక్స్‌బీ స్వెట్టర్లలోంచి.

"ఇక పోవండీ."

చప్పట్లు మోగాయి. చైర్మన్ గారు చేయెత్తి అందరినీ శాంతింపజేశారు. "డిసెంబరులోనే పరిష్కారమైందని నేను చెప్తూనే ఉన్నాను. ప్రపంచ రికార్డుల్లో ఎక్కిందా ఎల్వుడ్?"

"ఎక్కిందండీ. ఎవరైనా చూడొచ్చు."

"చదవండి. గట్టిగా చదవండి."

ఎల్వుడ్ గోడ మీద ఆ డ్రైవర్ మార్పుల రికార్డు తెరిచి, అందులో ఎక్కిన తన ఉత్తరం చదివాడు. "నిద్ర లేచాక వైఫై రావడం లేదు. దీనివల్ల వాడేవాళ్ళు దరఖాస్తులు పోగొట్టుకుంటున్నారు. ఒక పట్టణంలో ల్యాప్‌టాప్‌లు నిద్రపోకుండా మౌస్‌లు కదపడానికి ఒక అధికారిని నియమించుకోవలసి వచ్చింది."

వెర్నా డోనట్ నోటి దగ్గరే ఆపేసింది. చైర్మన్ గారు గోడకి దగ్గరగా వెళ్ళి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నారు. ఇటు తిరిగేసరికి ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"ఒరేయ్ డెల్బర్ట్! ప్రపంచం నిన్ను గుర్తించిందిరా!"

డెల్బర్ట్ మాత్రం దిగాలుగా లేచాడు. "గుర్తిస్తే ఏం లాభం బావా? లైబ్రరీ మూసేస్తున్నావుగా. నా మౌస్‌లు ఎక్కడ పెట్టుకోను?"

ఆ కోణంలో అంతవరకూ ఎవరూ ఆలోచించలేదు. చైర్మన్ గారు పద్నాలుగో అంశానికి అక్కడికక్కడే సవరణ ప్రతిపాదించారు. అంతర్జాతీయంగా నమోదైన పదవిని రద్దు చేస్తే ప్రపంచానికి ఏం సమాధానం చెప్తాం? జాగరణ అధికారి పదవిని శాశ్వతం చేయాలి. ఆయనకి ఆఫీసు ఉండాలి కాబట్టి లైబ్రరీని ఐదు రోజులు కాదు, ఆరు రోజులు తెరవాలి. ఏకగ్రీవంగా నెగ్గింది. డోనట్లు కూడా అయిపోయాయి.

బయట ఎల్వుడ్ కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకుతుంటే వెర్నా వచ్చి పక్కన నిలబడింది.

"ఆ వాక్యం కావాలనే రాశారా ఎల్వుడ్ గారూ?"

"జనం పడే ఇబ్బంది రాయమంటారమ్మా. అదీ ఆచారం" అన్నాడు ఎల్వుడ్, అద్దం గీకుతూనే.

ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం ఎల్వుడ్ లైబ్రరీకి వెళ్ళాడు. కొత్తగా తెరిచే ఆరో రోజు అది. మిసెస్ బిక్స్‌బీ ఒకే స్వెట్టరుతో కిటికీ పక్కన ఒడెట్ కుర్చీలో కూర్చుని ఏదో పుస్తకం చదువుతోంది. ఆవిడ లేవబోతే వద్దని సైగ చేశాడు. హాలు మధ్యలో కొత్త బల్ల, దాని మీద ఇత్తడి నేమ్‌ప్లేటు, దాని వెనక కుర్చీలో డెల్బర్ట్ గుండెల మీద బ్యాడ్జీతో, నోరు కొంచెం తెరుచుకుని గురక పెడుతున్నాడు. చుట్టూ పన్నెండు ల్యాప్‌టాప్‌లూ నిద్రపోతున్నాయి.

ఎల్వుడ్ మూడో నంబరు మూత తెరిచి చూశాడు. వైఫై వచ్చింది. చప్పుడు కాకుండా మూసేసి, వెర్నా దగ్గర రెండు కప్పుల కాఫీ తీసుకున్నాడు. ఒకటి డెల్బర్ట్ చేతికి అందేలా బల్ల మీద పెట్టి, అతను లేచేదాకా ఎదురుగా కూర్చున్నాడు.