మావగారి చప్పట్లు

ఆ డిసెంబరు ఉదయం పద్మారావు నగర్‌లో రమణబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. మావగారిని గోల్కొండ ఎక్కించాలి, క్షేమంగా దించాలి, ఈలోగా ఆయన చేత తనతో ఒక్క ముక్క మాట్లాడించాలి.

మావగారు తాతబ్బాయి గారిది తుని. అల్లుడితో మాటలు మానేసి మూడేళ్లయింది. తప్పు అల్లుడిదే, దాచడమెందుకు? పెళ్లి భోజనాల్లో మావగారు స్వయంగా నేతి బూరె వడ్డిస్తుంటే, బేగంపేట ఆఫీసు నుంచి సెల్‌ఫోనొచ్చిందని విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. కంప్యూటరు కంపెనీలు వేళాపాళా లేకుండా మనుషుల్ని పిలుచుకుంటున్న రోజులవి. తిరిగొచ్చేసరికి బూరె చల్లారింది, మావగారు వేడెక్కారు. అలకపాన్పు ఎక్కాల్సింది అల్లుడైతే ఈయన ఎక్కి కూచున్నారు. అప్పట్నుంచీ అల్లుడు పక్కనే ఉన్నా సరే, "మీ ఆయన్ని ఆ పేపరిలా ఇమ్మనమ్మా" అని కూతురికే చెబుతారు.

"ఇవాళ మీ ఫోను నా హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది," అంది దుర్గ. "నాన్న చేత మాట్లాడించకుండా కిందకి దిగారో, రేపట్నుంచి నేనూ మాట్లాడను."

"తండ్రికి తగ్గ కూతురివే!" అని రమణబాబు ఫోను అప్పగించాడు.

సముద్రపు గాలికి అలవాటైన తాతబ్బాయి గారికి సికింద్రాబాదు చలి బొత్తిగా పడలేదు. స్టేషను దగ్గర ఫుట్‌పాత్ మీద నేపాలీ వాళ్ల దగ్గర రమణబాబు కొనిచ్చిన కాఫీపొడి రంగు మంకీ క్యాపు, దాని మీద బూడిదరంగు శాలువా. ఆయనలో బయటికి కనిపించేవి కళ్లూ ముక్కూ మాత్రమే. ఆ చలికి ఊళ్లో సగం మంది పెద్దవాళ్లు సరిగ్గా అలాగే తిరుగుతున్నారని రమణబాబు గమనించలేదు. గమనించి ఉంటే ఈ కథే లేదు.

గోల్కొండ పొగమంచులో మునిగి ఉంది. "ఈ మోకాళ్లతో నావల్ల కాదు బాబూ, మీరెళ్లి రండి," అని అత్తగారు రాజులమ్మ పులిహోర క్యారియరుతో తోటలో కూలబడింది. దుర్గ ఆవిడ పక్కన కూచుంది. కోట గుమ్మం కింద గైడు చప్పట్లు కొట్టి చూపిస్తున్నాడు. అక్కడ కొడితే కొండ మీదకి వినిపిస్తాయట. జనం ఎగబడ్డారు. ఆ తోపులాటలో రమణబాబు మావగారి చెయ్యి వదిలేసి, చటుక్కున మళ్లీ పట్టుకున్నాడు. పట్టుకున్నది మరొకాయన చెయ్యి.

"రండి మావయ్యగారూ, మెల్లిగా."

పెద్దాయన తలూపారే గానీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం మావగారికి మామూలే కనక రమణబాబుకి ఏ అనుమానమూ రాలేదు.

అసలు మావగారు వెనకే ఉన్నారు. తన అల్లుడు ఎవరినో భద్రంగా నడిపించుకుపోవడం కళ్లారా చూస్తున్నారు. "అల్లుడూ" అని ఒక్క కేక వేస్తే పోయేది. కానీ మూడేళ్ల పంతం! నోరు తెరిచారు, మూశారు, ఆఖరికి చప్పట్లు కొట్టారు. అల్లుడు తిరగలేదు. ఇంకా గట్టిగా కొట్టారు. ఈయన కూడా గైడే కాబోలని జనం చుట్టూ మూగారు. "ఇంకోసారి తాతా!" అని పిల్లలు గంతులేశారు.

తోటలోంచి రాజులమ్మ చూసి మురిసిపోయింది. "మీ నాన్న ఎంత కుశాలగా ఉన్నాడో చూడవే! అల్లుడు పైనుండి వింటున్నట్టున్నాడు. ఇద్దరూ కలిసిపోయారే తల్లీ!"

కొండ మీద రమణబాబు చెవి రిక్కించాడు. "విన్నారా మావయ్యగారూ? కిందెవరో చప్పట్లు కొడుతున్నారు. మహా సరదా మనిషిలా ఉన్నాడు."

పెద్దాయనకి టీ తాగించాడు. మెట్టు మీద కూచోబెట్టి కాళ్లు పట్టాడు. పడుతూ పడుతూ ఇక ఆపుకోలేకపోయాడు.

"ఆ రోజు లేవడం తప్పేనండీ. కొత్త ఉద్యోగం, భయపడిపోయాను. మీ చేత్తో వేసిన బూరె రుచి నాకింతవరకూ తెలీదు. తిట్టండి, కొట్టండి, గానీ మాట్లాడండి మావయ్యగారూ!"

పెద్దాయన కళ్లు చెమర్చాయి. కళ్లు తుడుచుకోవడానికి మంకీ క్యాపు తీశారు. లోపల తెల్లటి గడ్డం ఉంది. మావగారికి గడ్డం లేదు.

"నా పేరు ఆర్థర్, బాబూ," అన్నారాయన గాలి తప్ప శబ్దం లేని గొంతుతో. "మాది బోయిన్‌పల్లి. వారమంతా క్రిస్మస్ క్యారల్స్ పాడి గొంతు పోయింది. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. మా కోడలు గ్లోరియా గైడుని పంపిస్తానంది, నువ్వే అనుకున్నా. కాళ్లు కూడా పడుతుంటే, ఈమధ్య గైడ్లు చాలా ఇంప్రూవయ్యారనుకున్నా."

"ఓరి దేవుడో! మరి మా మావయ్యగారు?" రమణబాబు జేబు తడుముకున్నాడు. ఫోను దుర్గ దగ్గరుంది.

టీ అమ్మే అతను దగ్గరికొచ్చాడు. "ఏందన్నా, గింత పరేషాన్ అయితున్నవ్? నేనిప్పుడే కిందికెల్లి వచ్చిన. గిసొంటి టోపీ పెట్టుకున్న పెద్దమనిషి గుమ్మం కాడ చప్పట్లు కొడ్తనే ఉన్నడు. జెర జరుగు తాతా అంటే సుత జరుగుతలేడు."

వచ్చినంతసేపూ విన్న చప్పట్లు రమణబాబుకి అప్పుడు అర్థమయ్యాయి. ఆర్థర్ గారి చెయ్యి పట్టుకుని మెట్లన్నీ దిగాడు.

కింద తాతబ్బాయి గారి అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. రమణబాబు నోరు విప్పేలోపే ఆర్థర్ గారు ముందుకెళ్లి ఆ చేతులు పట్టుకున్నారు.

"మీరు లక్కీ అండీ. ఇలాంటి అల్లుణ్ణి నేనెక్కడా చూళ్లేదు. టీ తాగించాడు, కాళ్లు పట్టాడు, బూరె సంగతి చెప్పి ఏడ్చేశాడు పాపం. మీ తరఫున నేను క్షమించేశాను."

తాతబ్బాయి గారు మంకీ క్యాపు పీకి పారేశారు.

"మీరు క్షమించడవేటండీ? బూరె నాది!" అని అరిచి ఇటు తిరిగారు. "ఏటయ్యా అల్లుడూ! నా కాళ్లు పట్టవలసినోడివి ఊళ్లోవాళ్ల కాళ్లు పడతావా? కూకో ఇక్కడ! పట్టు!"

రాజులమ్మ చేతిలో క్యారియరు మూత జారిపడింది. దుర్గ "నాన్న మాట్లాడాడే అమ్మా!" అని చిన్నపిల్లలా ఎగిరింది. రమణబాబు ఆనందం పట్టలేక అక్కడే రాళ్ల మీద చతికిలబడి కాళ్లు పట్టాడు. అప్పుడే వచ్చిన గ్లోరియా పర్సు తెరిచి, గైడుకెంతివ్వాలని తన మావగారిని అడుగుతోంది. జనం ఈసారి నిజంగానే చప్పట్లు కొట్టారు.

తాతబ్బాయి గారు ఇక ఆగలేదు. పులిహోర తింటూ మాట్లాడారు, చార్మినారు ముందు నిలబడి చార్మినారు వైపు చూడకుండా మాట్లాడారు, ఇంటికొచ్చి మంచమెక్కాక దుప్పట్లోంచి మాట్లాడారు. బూరెలోకి పూర్ణం ఎలా తిప్పాలో, కంప్యూటరు ఉద్యోగం ఎందుకు దండగో, మూడేళ్లుగా పేరుకున్నదంతా బయటికొచ్చింది. "వింటున్నావా అల్లుడూ?" అని మధ్యమధ్య కేక వేస్తున్నారు.

ఆర్థర్ గారిని మాట్లాడొద్దన్న డాక్టరు బోయిన్‌పల్లిలో ఎక్కడుంటాడో రమణబాబు మర్నాడు పొద్దున్నే కనుక్కున్నాడు.