అడుగుకొక గీత

నడవలేని మనిషి ఆ సంగతి నడిచి చూపించి మరీ రుజువు చేసుకోవాలన్నది పాదరక్షల పరిశీలన ఉపవిభాగం లోకానికి ప్రసాదించిన మహా సిద్ధాంతం. రాబర్ట్‌సన్‌పేటలోని ఆ ఆఫీసులో దాన్ని పటం కట్టి గోడకు తగిలించారు. (పటం ఒక పక్కకు ఒరిగింది. దాన్ని సరిచేసే ఉపవిభాగం వేరే ఉంది.)

ఆ పటం కింద బెంచీ మీద అక్కయమ్మ, ఆమె మొగుడు ఆవులప్ప పొద్దున పదింటి నుంచి కూర్చున్నారు. నలభై ఏళ్లు పట్టుపురుగులు మేపిన ఆవులప్పకు ఇప్పుడు పార్కిన్సన్స్ జబ్బు. చెయ్యి వణుకుతుంది, కాళ్లు ఉన్నట్టుండి నేలకు అతుక్కుపోతాయి. రబ్బరు చెప్పులతో రెండుసార్లు పడ్డాడు. మూడోసారి పడి తుంటి విరిగితే ఇక మంచమేనని డాక్టరు చెప్పి, ఒక చీటీ రాశాడు. తేలికైన బూట్లు కావాలి. మడమను పట్టి ఉంచాలి, బూటు అడుగు నేల మీద జారకూడదు, అలాగని మరీ పట్టెయ్యకూడదు, తాడు కట్టే పని లేకుండా పట్టీ అంటించుకునేలా ఉండాలి. అలాంటివి ఇచ్చేది ఈ ఉపవిభాగమే.

పాల క్యాను పట్టుకుని డెయిరీదాకా మళ్లీ ఒక్కడే వెళ్లాలని ఆవులప్ప కోరిక. వెళ్తుంటే వెనకనుంచి చూడాలని అక్కయమ్మకు అంతకన్నా ఆశ.

మధ్యాహ్నం నాలుగింటికి పరిశీలకుడు అమర్నాథ్ పిలిచాడు. మహా మర్యాదస్థుడు.

"ఇంగ లేయండప్పా. చెప్పులు బయట ఇడిచినారు కదా? ఈ గోడ నుంచి ఆ గోడదాకా నడిచి చూపించండి."

"చెప్పుల కోసరమే కదా సామీ వచ్చినాము? ఉత్త కాళ్లతో ఎట్ల నడిచేది?" అంది అక్కయమ్మ.

"చెప్పులేసుకుని నడిస్తే, నడిచింది మనిషా చెప్పులా అని యాడ తేలుతుందమ్మా?" (ఈ విషయమై సర్క్యులర్ ఉంది. చెప్పులను విచారించగా అవి ఏమీ చెప్పలేదని అందులో రాశారు.)

అమర్నాథ్ ముద్ర తేవడానికి లోపలి గదికి వెళ్లాడు. ఆవులప్ప గోడ పక్కన నిలబడ్డాడు. గచ్చు నున్నగా ఉంది. కాళ్లు కదలడం లేదు, ఒళ్లు మాత్రం ముందుకు వాలుతోంది. ఇంట్లో అయితే ఏం చేస్తుందో అక్కయమ్మ అదే చేసింది. ఎక్కడికి వెళ్లినా సంచిలో ఉండే ముగ్గుపిండి డబ్బా తీసి, అడుగుకొకటి చొప్పున గచ్చు మీద అడ్డగీతలు లాగింది. కింద గీత కనబడితే దాన్ని దాటడానికి ఆవులప్ప కాలు లేస్తుంది. ఎందుకు లేస్తుందో డాక్టరు చెప్పాడు గానీ ఆమెకు అర్థం కాలేదు. లేస్తే చాలు. మంచం నుంచి పశువుల కొట్టందాకా రోజూ అలాగే గీస్తుంది. డెయిరీదాకా గియ్యడానికే ఆమె నడుము ఒప్పుకోవడం లేదు.

అమర్నాథ్ తిరిగొచ్చేసరికి ఆవులప్ప గీత గీతా దాటుకుంటూ పెళ్లికొడుకులా నడుస్తున్నాడు. టపీమని ముద్ర పడింది. "నడక తృప్తికరం. బూట్లు అనవసరం."

"సామీ! గీతలుండబట్టి నడిచినాడు. పడిపోతాడేమోనని నేనే గీసినాను. తుడిచేస్తాను, ఇంగోసారి చూడండి!"

"మళ్లీ చూసేది ఆర్నెల్లకమ్మా. అయినా గీతలకు మా ఫారంలో గడి లేదు."

అక్కయమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. మొగుణ్ని పడనివ్వకపోవడం ఇంత పెద్ద తప్పని ఆమెకు ముందు తెలియదు.

ఐదయింది. ఆవులప్ప గడపదాకా వచ్చి ఆగిపోయాడు. (గుమ్మాలంటే ఈ జబ్బుకు అస్సలు పడదు.) ఐదు నిమిషాలైంది, పదైంది. తాళంకప్ప చేతిలో పట్టుకుని అమర్నాథ్ వెనకే నిలబడ్డాడు.

"కదలండప్పా, నా మాలూరు రైలు పోతాది!"

"కదలాలనే నాకూ ఉండాది సామీ. కాళ్లకు మీరే చెప్పండి."

"అమ్మా, ఒక్క గీత గీయమ్మా!"

"గీతకు గడి లేదంటిరే?"

"ఇప్పుడు గడి యాడ చూసేదమ్మా, గీయి!"

గీయకూడదనే అనుకుంది అక్కయమ్మ. కానీ మొగుడి ఒళ్లు మళ్లీ ముందుకు వాలుతోంది. వంగి గడప అవతల ఒక గీత లాగింది. ఆవులప్ప కాలు లేచింది.

అమర్నాథ్ తాళం వేశాడు. కానీ మనస్సాక్షి ఉన్న ఉద్యోగి కనుక, రైలు తప్పుతుందని తెలిసినా మళ్లీ తాళం తీసి లోపలికి వెళ్లి, రిజిస్టరులో ఇంకో వాక్యం చేర్చాడు: "అర్జీదారు ఎవరి సాయమూ లేకుండా గడప కూడా దాటినారు."