చెయ్యి పడని కారు

"మనిషి చెయ్యి పడకుండా మిగిలిందే అసలైన చరిత్ర" అని మిషిగన్ పాతకార్ల సంఘం ఆ ఏడాది ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతవరకూ పోటీల్లో తళతళలాడే కార్లకే కప్పులు. ఇకమీదట తుప్పుకూ, దుమ్ముకూ, ఎలుకలు కొరికిన తివాచీకీ! తీర్మానం పెట్టింది సంఘం పెద్ద హోలిస్టర్. ఆయన కారు ఫ్యాక్టరీ గేటు దాటాక ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యలేదట మరి.

దీంతో మెకానిక్ లైమన్ నెత్తిన పెద్ద బండే పడింది. థార్న్‌డైక్ దొరగారి 1934 ప్యాకార్డ్‌ని, ఆ టాపు మడిచే పన్నెండు సిలిండర్ల కారుని, నాలుగేళ్లు కూర్చుని అద్దంలా తయారుచేసింది అతనే. ఇప్పుడు కప్పు కోసం దాన్ని మళ్లీ పాడుచెయ్యమన్నారు. సరే, రంగు మీద గీతలు పెట్టాడు, క్రోమ్ మెరుపు చంపాడు. దొరగారు ఎవరిదో కోళ్లషెడ్డు నుంచి డబ్బాలతో దుమ్ము తెప్పించి, జల్లెడ పట్టించి మరీ చల్లించారు. ఆ దుమ్ము ఎగిరిపోకుండా పైన దుప్పటి కూడా కప్పించారు.

"ఆ సీట్లు కూడా పీకెయ్యవయ్యా. చిరిగినవి ఎక్కడైనా చూసి తగిలిద్దాం" అన్నారు.

లైమన్ చేతిలో పని ఆపేశాడు. ఆ సీట్ల తోలు కుట్టింది అతని భార్య వెర్నా. ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఆవిడ పనిలో అతని కళ్లెదుట మిగిలింది అదొక్కటే.

"అయ్యా, వాటి జోలికి మాత్రం వెళ్లొద్దు. పాతికేళ్లు దాటాయి, వాటంతటవే పాతబడ్డాయి" అని బతిమాలాడు. లైమన్ జన్మలో ఎవర్నీ బతిమాలి ఎరగడు. దొరగారు సరేనన్నారు గానీ, జడ్జీలు పసిగడితే మాత్రం తన గడప తొక్కొద్దని చెప్పేశారు.

పోటీ రోజున సరస్సు పక్క పచ్చికలో గడ్డిటోపీలూ, షాంపేన్ గ్లాసులూ. తెల్ల చేతిజోళ్లు తొడుక్కుని జడ్జీగా హోలిస్టరే వచ్చాడు. ఇంజన్ స్టార్ట్ చేయించాడు, హారన్ కొట్టించాడు, దుమ్ము చూసి మురిసిపోయాడు. సీటు మీద చెయ్యి వేసి అక్కడే ఆగిపోయాడు.

"ఈ కుట్టు చూశారా? ఆనాటి పనివాళ్లది. ఇలా కుట్టేవాళ్లు ఇవాళ భూమ్మీద లేరు."

"లేరండీ" అన్నాడు లైమన్. అది మాత్రం అబద్ధం కాదు.

ఫ్యాక్టరీ ముద్ర చూడాలి కదా, హోలిస్టర్ వంగి సీటు ఎత్తాడు. లైమన్ పై ప్రాణాలు పైనే పోయాయి. పని ముగించాక సీటు అడుగున పేరు కుట్టుకోవడం వెర్నాకి అలవాటు. ఎర్రదారంతో, గుండ్రటి అక్షరాల్లో ఉంది: వెర్నా, 1998.

దొరగారు చూపు సరస్సు వైపు తిప్పేసుకున్నారు. హోలిస్టర్ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చదివాడు. సీటు మెల్లగా దించి, కాగితం మీద నూటికి నూరు వేశాడు. తర్వాత లైమన్‌ని పక్కకి పిలిచి, గొంతు తగ్గించాడు.

"నా కారు సీటు కింద కూడా ఈవిడే ఉంది. నువ్వేం చూడలేదు, నేనేం చూడలేదు."

సాయంత్రం దొరగారు గెలిచిన కప్పు పైకెత్తి, తొంభై ఏళ్లుగా ఈ కారు మీద మనిషి చెయ్యి పడలేదని ప్రకటించారు. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. చివరి వరసలో లైమన్ కూడా టోపీ తీసి లేచాడు. అందరూ కూర్చున్నాక కూడా కొడుతూనే ఉన్నాడు. అవి వెర్నాకి చెందాల్సిన చప్పట్లు మరి.