జారకూడదు, పడకూడదు

ఆ ఆదివారం పొద్దున కినుయో వేసుకున్న పథకం చాలా చిన్నది. పంది మాంసం ముక్కలు పిండి పట్టించి నూనెలో వేయించాలి, వేడివేడి అన్నం మీద పెట్టి మనవడికీ మనవరాలికీ తినిపించాలి, చెరొక తాయెత్తు సంచీ ఇచ్చి సాగనంపాలి. ఆ ముక్కల పేరు కత్సు. గెలుపు పేరు కూడా కత్సే. అందుకని జపాన్ ఉత్తరాన ఉన్న హచినోహె ఊళ్లో ఏ ఇంట్లో పిల్లలకి పరీక్ష ఉన్నా, పోటీ ఉన్నా, తెల్లారేసరికి నూనె వాసన వీధిలోకి వస్తుంది. కినుయో ఇంట్లో ఆ రోజు రెండూ ఉన్నాయి. కెంగోకి పక్క ఊళ్లో హైస్కూలు ప్రవేశ పరీక్ష. పదమూడేళ్ల చిజురుకి ఊళ్లోనే ఫిగర్ స్కేటింగ్ పోటీ.

చిక్కంతా అక్కడే వచ్చింది. పరీక్ష తప్పితే ‘జారాడు’ అనో ‘పడ్డాడు’ అనో అంటారు. స్కేటింగ్ చేసినా ‘జారింది’ అనే అంటారు. పరీక్ష పిల్లాడున్న ఇంట్లో జారడం, పడడం అనే మాటలు నోట రాకూడదని కినుయో ఆకులు రాలే రోజుల్లోనే చట్టం చేసింది. అప్పటినుంచి చిజురు స్కేటింగ్ ‘మంచు మీద పని’ అయింది. బయట మంచు పడటం మానేసి దిగడం మొదలుపెట్టింది. కినుయో భర్త తకెజో ఓసారి మనవణ్ణి "కష్టపడి చదవరా" అని దీవించబోయి చీవాట్లు తిన్నాడు. ఆ ముసలాయన మొదటినుంచీ మితభాషే. ఈ చట్టం వచ్చాక పూర్తిగా నోరు కట్టేసుకున్నాడు.

చట్టం వల్ల నష్టపోయింది ఎవరో కినుయోకి నాలుగు రోజుల కిందట స్నానాల గదిలో తెలిసింది. చిజురు ఆవిడ వీపు రుద్దుతూ రుద్దుతూ ఆగిపోయింది.

"నానమ్మా, ఈసారి కూడా ఆ గెంతు వెయ్యలేకపోతే మానేస్తాను. అమ్మానాన్నలకి చెప్పకు."

ఆ గెంతంటే ముందుకి దూసుకెళ్లి, గాలిలోకి లేచి, రెండున్నర చుట్లు తిరిగి దిగాలి. సాధనలో చిజురు బాగానే వేస్తుంది. పోటీకి వెళ్తే మాత్రం గాలిలో చేతులు విప్పేసి, ఒకటిన్నర చుట్టుతోనే క్షేమంగా దిగిపోతుంది. పోయినసారీ అంతే, అంతకుముందూ అంతే.

"ఎందుకమ్మా? భయమా?"

"ఊఁ. అది అవుతుందేమోనని."

"ఏది?"

"అదే. అనకూడదు కదా."

"అనకూడదు. అనకు," అని కినుయో వేడినీళ్లు పోసుకుంది. తర్వాత ఆవిడకి ఆ రాత్రంతా కంటి మీద కునుకు లేదు. భయపడకు అందామంటే ఆ మాటలోనూ ‘పడ’ ఉంది.

నోటితో చెప్పలేనిది చేత్తో చెయ్యాలనుకుంది. పాత నీలం కిమోనో గుడ్డతో రెండు సంచులు కుట్టింది. ఒకదాంట్లో స్టేషన్లో పరీక్ష పిల్లలకి పంచిన ఇసుక పోసింది. రైలు చక్రాలు జారకుండా పట్టాల మీద చల్లే ఇసుక అది. కెంగో కోసం. రెండోదాంట్లో చిన్న కొవ్వొత్తి ముక్క పెట్టింది. జరుపుడు తలుపులు పట్టేసినప్పుడు గాడిలో రుద్దితే వెన్నలా కదులుతాయి. అది చిజురు కోసం. గుర్తుకి ఇసుక సంచీకి ఎర్ర దారం, కొవ్వొత్తి సంచీకి తెల్ల దారం కట్టింది.

పొద్దున పొయ్యి దగ్గర తీరిక లేక, సంచులు ఇచ్చే పని తకెజోకి అప్పజెప్పింది. కెంగోని తీసుకుని కొడుకూ కోడలూ కారులో పక్క ఊరికి వెళ్లారు. చిజురుని కోచ్ ఒనోదెరా వచ్చి తీసుకెళ్లింది. పిల్ల అన్నం సగం వదిలేసింది. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. ఆ చూపు కినుయో గుండెలో ముల్లులా దిగింది.

ఇంట్లో అలికిడి తగ్గాక కినుయో లోపలి గది తలుపు జరపబోతే కదల్లేదు. చలికాలం అది మామూలే. కొవ్వొత్తి కోసం సొరుగు తీస్తూ ఊరికే అడిగింది.

"ఏమండీ, ఎవరి సంచీ వాళ్లకే ఇచ్చారు కదా?"

"ఇచ్చాను. ఎర్ర దారంది పిల్లకి, తెల్లది పిల్లాడికి."

కినుయో సొరుగు దగ్గరే నిలబడిపోయింది. "ఎర్రది పిల్లకా?"

"ఆడపిల్ల కదే. ఎరుపు ముచ్చటగా ఉంటుందని."

జారాల్సిన పిల్లకి ఇసుక, జారకూడని పిల్లాడికి కొవ్వొత్తి. కెంగో ఈపాటికి ఫోన్ ఆపేసి పరీక్ష గదిలో కూర్చుని ఉంటాడు. వాడికి వచ్చే నెల ఇంకో బడి పరీక్ష ఉంది. పిల్లకి మాత్రం ఈవేళే. కినుయో పోటీ జరిగే మంచు రింకుకి ఫోన్ చేసింది. కౌంటర్లో ఉన్న ఆవిడ తీసింది.

"అమ్మా, నేను చిజురు నానమ్మని. దాని దగ్గరొక సంచీ ఉంది. అది పెట్టుకుని పిల్ల ఆ పని చెయ్యకూడదు. కోచ్‌కి చెప్పండి."

"ఏ పనండీ?"

"అదే, మంచు మీద చేసే పని."

"జారడమాండీ?"

"అయ్యో, ఆ మాట అనకండి. మా ఇంట్లో అనం."

"అంటే చిజురు ఈవేళ జారకూడదంటారు."

"మళ్లీ అన్నారు. ఇంట్లో పరీక్ష పిల్లాడున్నాడండీ. ఆ సంచీ ఉండగా మాత్రం చెయ్యొద్దనండి."

అక్కడ మైకులో ఎవరి పేరో పిలుస్తున్నారు. సంచీ సంగతి ఆ గోలలో కలిసిపోయింది. కౌంటరావిడ చెవిన పడ్డది ఒక్కటే: చిజురు ఈవేళ జారకూడదు. ‘సరేనండీ’ అని ఫోన్ పెట్టేసింది. ఆ ‘సరేనండీ’ చాలా జాలిగా వినిపించడంతో కినుయోకి అనుమానం వచ్చింది. కోటు తగిలించుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని, తకెజోని బండెక్కించింది. రోడ్డంతా అద్దంలా గడ్డకట్టి ఉంది.

"మెల్లిగా పోనివ్వండి, లేకపోతే బండి జా..."

"బండి ఏమవుతుంది?"

"ఏమీ అవ్వదు. మెల్లిగా పోనివ్వండి."

తకెజో మీసాల్లో నవ్వుకున్నాడు. అన్ని నెలల్లో ఆయనకి దొరికిన మొదటి అవకాశం అది.

రింకులో అప్పుడే మంచు నునుపు చేసే యంత్రం ఒక చుట్టు వేసి వెళ్లింది. లోపలికి వెళ్లే గేటు దగ్గర ఒనోదెరా ఎదురైంది. నవ్వు తక్కువ మనిషి. ఈవేళ మరీ ముఖం మాడ్చుకుని ఉంది.

"మీ మాట అందింది బామ్మగారూ. పిల్లని అడిగాను, సరే జారను అంది. ఇన్నేళ్లు నేర్పించాను. ఇలా ఫోన్లో వింటాననుకోలేదు. పేరు తీయించడానికి వెళ్తున్నాను."

కినుయో ఆవిణ్ణి దాటుకుని పిల్ల దగ్గరికి వెళ్లింది. చిజురు గోడవారన బెంచీ మీద కూర్చుని ఉంది. తళుకుల గౌను మీద జాకెట్టు వేసుకుని, స్కేట్ల లేసులు విప్పుకుంటోంది. ముఖం ఎత్తలేదు.

"చెప్పొద్దన్నానుగా నానమ్మా. స్నానాల గదిలో చెప్పింది అందరికీ చెప్పేశావా?"

"లేదమ్మా. నా తల్లివి కదూ, ఒట్టు. ఒక్కరికి కూడా చెప్పలేదు."

"మరి నేను జారకూడదని ఫోన్ చేశావట?"

"సంచీ గురించి చేశాను. నీకు మీ అన్నది వచ్చింది. దాన్నిండా ఇసుక. మీ తాతయ్య నిర్వాకం. ఏదీ, ఇటివ్వు."

సంచీ పిల్ల జాకెట్టుకి వేలాడుతోంది. కినుయో లాగింది. "ఆగు, ముడి విప్పుతాను," అని చిజురు కూడా పట్టుకుంది. కినుయో కుట్టులో లోపం లేదు కానీ గుడ్డ కినుయో పెళ్లినాటిది. చర్రున చిరిగింది. ఇసుక గేటు ముందు పరిచిన రబ్బరు చాప మీద వర్షంలా కురిసింది.

స్కేటు అంచుకి ఇసుకకంటే పెద్ద శత్రువు లేదు. గేటు దగ్గర నిలబడ్డ పిల్లలంతా కాళ్లు పైకెత్తి గోడకి అతుక్కుపోయారు. తల్లులు వాళ్ల స్కేట్లకి చేతిగుడ్డలు చుట్టారు. పేర్ల పట్టీ పట్టుకుని తిరుగుతున్న పెద్దాయన, ఒనోదెరా ఎవరికోసం వెతుకుతోందో ఆయనే, సూటుతో సహా నేల మీద మోకరిల్లి అరచేత్తో ఇసుక పోగుచేయడం మొదలుపెట్టాడు. తకెజో చీపురు తెచ్చాడు. ఒనోదెరా పేరు తీయించాలన్న సంగతి మరచి తడిగుడ్డ పట్టుకుంది.

ఇంతలో గేటు అవతల, మంచు మీద, నాలుగు గింజలు కినుయో కంటబడ్డాయి. తన పిల్ల దారిలో తను పోసిన ఇసుక. ఒక్క అడుగే కదా అనుకుని రబ్బరు బూటు అటు పెట్టింది.

రెండు కాళ్లూ ఒకేసారి పైకి లేచాయి. చెయ్యి ఊనబోయింది, ఊతం దొరకలేదు. ధబ్బుమన్న చప్పుడు హాలంతా వినిపించింది. చిజురు విప్పిన లేసులతోనే గేటు దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"నానమ్మా, నువ్వు..."

"ఊఁ."

"నువ్వు... అది అయ్యావు."

కినుయో పైన దీపాలకేసి చూస్తూ కాసేపు అలాగే వెల్లకిలా ఉంది. మనవరాలి ముఖం తలకిందులుగా కనిపిస్తోంది. ఆ కళ్లలో ఉన్న భయానికి పేరు కూడా లేకుండా చేసింది తనే. ఇన్ని నెలలు ఆ మాటని ఇంట్లోకి రానివ్వకుండా తలుపు వేసి, పిల్లని ఒంటరిగా దాంతో బయట నిలబెట్టింది.

"పడ్డాను," అంది కినుయో గట్టిగా.

చిజురు నోరు తెరిచింది.

"జారాను, పడ్డాను. చూశావుగా."

"నొప్పిగా ఉందా?"

"ఉంది. చల్లగా కూడా ఉంది. అంతకంటే ఏం లేదు. నేనింకేదో ఉంటుందనుకున్నాను."

చిజురుకి ముందు ముక్కులోంచి వచ్చింది నవ్వు, తర్వాత ఆగలేదు. బెంచీ పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "ఇంకోసారి అను నానమ్మా."

"పడ్డాను, పడ్డాను. చాలా? ఇప్పుడు నువ్వెళ్లి పడు."

"బామ్మగారూ," అంది ఒనోదెరా, "పోటీకి వెళ్లే పిల్లకి అదేం దీవెనండీ?"

"నాకు చేతనైంది అదే," అంది కినుయో. చిజురు అప్పటికే కూర్చుని లేసులు బిగించుకుంటోంది. పేర్ల పెద్దాయన ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు కాబట్టి పట్టీలో పేరు ఎక్కడిదక్కడే ఉంది.

చిజురు వంతు వచ్చింది. కినుయో తకెజో పక్కన కూర్చుంది. ఎడమ చెయ్యి కోటు జేబులో ఉంచుకుని, కుడి చేత్తో ఆయన మోకాలు నొక్కిపట్టింది. పిల్ల పెద్ద చుట్టు తిరిగి, ముందుకి దూసుకొచ్చి లేచింది. ఈసారి చేతులు విప్పలేదు. గుండెలకి హత్తుకుని ఉంచింది. ఒక చుట్టు, రెండు, ఇంకో సగం. స్కేటు మంచుని తాకింది, భుజం వంగింది, పిల్ల అంతదూరం జారుకుంటూ వెళ్లి కూలబడింది.

"పడింది," అంటూ కినుయో లేచి నిలబడింది. "చూశారా, పడింది, మన పిల్ల పడింది." చప్పట్లకి రెండో చెయ్యి లేక తకెజో భుజం మీద దబదబా కొట్టింది. చుట్టుపక్కల వాళ్లు ఇదేం నానమ్మ అన్నట్టు చూశారు. పిల్ల లేచింది, గౌను దులుపుకుంది, పాట ఎక్కడుందో విని అందుకుంది. చివరిదాకా ఆ పెదాల మీద నవ్వు పోలేదు.

కిందినుంచి మూడో స్థానం వచ్చింది. చిజురు ఆ అంకె వంక సరిగా చూడను కూడా లేదు.

"రేపు సాధన ఉందా మేడమ్?"

"రేపు సెలవు."

"అయితే ఎల్లుండి పొద్దున్నే రానా? దిగేటప్పుడు ఎడమ భుజం ముందే వచ్చేసింది. దాన్ని పట్టుకుంటే నిలబడతాను."

ఒనోదెరా తల ఊపి, ముఖం పక్కకి తిప్పుకుని టీ ఫ్లాస్కు మూత చాలాసేపు బిగించింది. కినుయోకి కళ్లనీళ్లు ఆగలేదు. అవి సంతోషంతో వచ్చినవే. కాకపోతే కొన్ని చేతి నొప్పివి కూడా ఉన్నాయని, సాయంత్రం టీ కప్పు ఎత్తలేకపోయినప్పుడు ఇంట్లోవాళ్లకి తెలిసింది.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరు మణికట్టుకి కట్టు కడుతూ, ఎలా జరిగిందమ్మా అని అడిగాడు. జారాను, పడ్డాను అని కినుయో రెండు మాటలూ వరండాలోకి వినపడేలా, ఎంతో తృప్తిగా చెప్పింది. వరండాలో జలుబు పిల్లల్ని పరీక్షల ముందు చూపించడానికి తెచ్చిన తల్లులు ఇద్దరు లేచి, వేరే డాక్టరు గది ముందుకెళ్లి కూర్చున్నారు.