పసుపు చీటీల పేజీ

పొద్దున్న అతని లెక్క తేలిగ్గానే ఉంది. ఒకే ఆఫీసులో పనిచేసే భార్య ఓ మంచాల దుకాణం కోసం గీసిన వెబ్‌సైట్ బొమ్మను కొత్త సాఫ్ట్‌వేర్ నోట్లో వేస్తే, కోడ్ అదే రాసి పెడుతుంది. బొమ్మ మారినప్పుడల్లా పేజీ కూడా దానంతటదే మారుతుంది. ఆ దుకాణం యజమాని వచ్చి చూసి తలూపితే బేరం ఖాయం. ఊపకపోతే ఆలుమగలిద్దరికీ ఒకేసారి ఉద్యోగాలు ఊడతాయి.

మరిచిందల్లా ఒక్కటే. వారంగా ఇద్దరికీ మాటల్లేవు. పని ఆగకూడదు గనక కంప్యూటర్‌లో ఆ బొమ్మ మీదే పసుపు చీటీలు అంటించుకుని మాట్లాడుకుంటున్నారు, పోట్లాడుకుంటున్నారు. మొగుడూ పెళ్ళాల గొడవ సాఫ్ట్‌వేర్‌కేం తెలుసు? బొమ్మలో ఉన్నదంతా దానికి పేజీయే. డబుల్ కాట్ పక్కన "నీ గురక పక్కన నేను పడుకోలేను" అని చక్కటి ప్రకటన కార్డు కట్టింది. సోఫా కింద "తడి తువ్వాలు ఇక్కడ పడేస్తే ఊరుకోను" అని ఎర్రటి బటన్ పెట్టింది.

అతను "పసుపు చీటీలు పేజీలో పెట్టకు" అని ఇంకో చీటీ అంటించాడు. అదీ పేజీకెక్కింది.

వారం రోజుల్లో మొదటిసారి భార్య నోరు విప్పింది. "చీటీకి చీటీ మందా? చెరిపెయ్యొచ్చుగా!"

"చెరుపుతూనే ఉన్నా! పైనేదో కొత్తది వచ్చిందే... నువ్వేనా?"

"నా తలకాయ్! బాసు."

బాసు తన గదిలోంచి ఆ బొమ్మ తెరిచి రాసిన మాట పేజీ నెత్తిన ఇంతింత అక్షరాలతో వెలిగింది: "ఎవడి నిర్వాకం ఇది?" దాన్ని చెరిపేలోపే దుకాణం యజమాని భార్యతో సహా లోపలికొచ్చి తెర ముందు కూర్చున్నాడు.

ఆవిడ పైనుంచి కిందిదాకా చదివి మొగుడి వైపు తిరిగింది. "చూశారా? గురకట! మన ఇంటి సంగతి వీళ్ళకెవరు చెప్పారు?"

"నేనా? నేనెందుకు చెప్తానే!"

ఆవిడ దంపతుల వైపు తిరిగింది. "ఒక్క అక్షరం తియ్యొద్దు బాబూ. మంచం కొనే ప్రతి ఇంట్లోనూ ఇదే గోల."

వాళ్ళ వెనకే వచ్చిన బాసు గొంతు సవరించుకున్నాడు. "మావాళ్ళు చాలా కష్టపడ్డారండీ."

"అయితే వారం వారం కొత్తవి పెట్టండి," అంది ఆవిడ.

వాళ్ళు అటు వెళ్ళగానే దంపతులిద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. వారం గొడవ ఆ నవ్వులో కొట్టుకుపోయింది. అంతలో బాసు తలుపులోంచి తల పెట్టాడు. "సోమవారానికి ఆరు గొడవలు కావాలి. పాతవి పనికిరావు."

ఆ సాయంత్రం అతను కాఫీ కలిపి భార్య చేతికిచ్చి, ఆఫీసు పని మీద, అత్తగారి ప్రస్తావన తెచ్చాడు.