చెవులకు న్యాయం

"ఈ ప్రభుత్వం ఉన్నంతవరకు ఒక్క చెవికి కూడా అన్యాయం జరగనివ్వను!"

క్రీడల మంత్రిగారు ఈ చరిత్రాత్మక ప్రకటన చేసినప్పుడు నేను మొదటి వరుసలో ఉన్నాను. పత్రికలో క్రీడల పేజీ రాసేవాణ్ణి కాబట్టి తప్పదు. మంత్రిగారు మైకు ముందు నిలబడ్డారు గాని మైకు ఆన్ చెయ్యలేదు. ఆయనకి అక్కర్లేదు. మామూలుగా "బాగున్నారా" అని పలకరిస్తేనే బల్లమీద గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. పార్టీలో అందరూ ఆయన్ని ప్రేమగా 'సైరన్' అని పిలుస్తారు. ఆయన లేనప్పుడు.

ఈ ప్రకటనకి కారణం మా వదిన.

వదిన ప్రభుత్వ షూటింగ్ రేంజిలో కోచ్. ఒకప్పటి ఛాంపియన్. ఆమె పతకాలు హాల్లో షోకేసులో ఉన్నాయి, వాటికి బదులుగా ఆమె ఎడమ చెవి పోయింది. ఆ రోజుల్లో షూటర్ల చెవుల రక్షణకి ప్రభుత్వం ఇచ్చిన పరికరం దూది. ఇప్పుడూ అదే. వదినతో మాట్లాడాలంటే కుడివైపు కూర్చోవాలి. మా అన్నయ్య మాత్రం ఏదైనా తప్పు ఒప్పుకోవాల్సి వస్తే ఎడమవైపు చేరతాడు.

వదిన దగ్గర ఒకమ్మాయి నేర్చుకుంటోంది. అందరూ పొడుగమ్మాయి అంటారు. జాతీయ జట్టుకి ఎంపికయ్యేటట్టుంది. ఆ పిల్ల ఒకరోజు, "మేడమ్, చెవిలో ఎవరో ఈల వేస్తున్నట్టుంది, ఆపట్లేదు" అంది. వదినకి ఆ ఈల బాగా తెలుసు. తనకీ అలాగే మొదలైంది. ఆ రోజే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి మంత్రిగారి ముందు నిలబడింది.

"ఎలక్ట్రానిక్ ఇయర్ మఫ్‌లు కావాలి సార్. ఖరీదైనవి వద్దు. చవకలో కూడా పనికొచ్చేవి ఉన్నాయి."

"ఎలక్ట్రానిక్ ఎందుకమ్మా? చెవులు గట్టిగా మూస్తే చాలదూ?"

"అన్నీ మూసేస్తే నేను 'ఆపండి' అని అరిచినా పిల్లలకి వినపడదు సార్. ఎవరైనా ఎదురొచ్చినా పేల్చేస్తారు. ఇవైతే మామూలు మాటని వినిపిస్తాయి, మోత రాగానే టక్కున తలుపేసుకుంటాయి."

పి.ఏ. వంగి మంత్రిగారి కుడి చెవిలో ఊదాడు. శాఖ మొత్తం నడిచేది ఆ కుడి చెవి మీదే. పి.ఏ. ఊదేది ఎప్పుడూ ఒకటే: "బడ్జెట్ లేదు సార్." కాని ఆరోజు పక్కన పత్రికవాణ్ణి నేనున్నాను. అందుకని కొత్తమాట ఊదాడు. "కమిటీ వేద్దాం సార్."

అలా వచ్చింది పైన చెప్పిన ప్రకటన.

కమిటీకి అధ్యక్షులు మంత్రిగారే. శబ్ద నిపుణుడి హోదాలో మైకుసెట్టు ఓనరు సభ్యుడు. పార్టీ సభలన్నిటికీ స్పీకర్లు కట్టేది ఆయనే. శబ్దాన్ని పెంచడంలో జీవితం గడిపినవాడికి తగ్గించడం ఒక లెక్కా అన్నారు మంత్రిగారు. వదిన ప్రత్యేక ఆహ్వానితురాలు. అంటే కుర్చీ ఉండదు.

మూడు కంపెనీలు శాంపిల్స్ పంపాయి. ఎర్ర డబ్బా, నీలం డబ్బా, పచ్చ డబ్బా. మంత్రిగారి సమావేశమందిరంలో పరీక్ష.

"తుపాకీ తెచ్చాను సార్, రేంజికి వెళ్దాం" అంది వదిన.

సెక్యూరిటీవాళ్ళు ఆ తుపాకీని వెంటనే స్వాధీనం చేసుకున్నారు. మంత్రిగారు ఉన్న చోట పేలుడు నిషేధం.

"మరి మోత లేకుండా మఫ్‌ని ఎలా పరీక్షిస్తారు?"

మైకుసెట్టు ఓనరు చిరునవ్వు నవ్వాడు. "మోతకేం తక్కువమ్మా? సార్ ప్రసంగిస్తారు."

అందరం ఎర్ర డబ్బాలోవి పెట్టుకున్నాం. మెత్తగా, తేలిగ్గా ఉన్నాయి. గోడ గడియారం ముల్లు కదలడం కూడా స్పష్టంగా వినిపించింది. మంత్రిగారు నోరు తెరిచారు. మఫ్ మూసుకుంది. ఆయన చెయ్యెత్తారు, బల్ల గుద్దారు, మెడ నరాలు ఉబ్బాయి. మాకు దూరంగా ఎవరో గొణుగుతున్నట్టు వినిపించింది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా మఫ్ తెరుచుకుంది. అప్పుడు పి.ఏ. ఫోన్‌లో వాళ్ళావిడతో, "ఇంకా అరుస్తూనే ఉన్నాడే, లేటవుతుంది" అనడం అందరికీ వినిపించింది.

"ఎలా ఉంది నా ప్రసంగం?" అన్నారు మంత్రిగారు.

"పెదవులు అద్భుతంగా కదిలాయి సార్" అన్నాడు మైకుసెట్టు ఓనరు.

మంత్రిగారి ముఖం ఎర్ర డబ్బా రంగుకి వచ్చింది. "ప్రజాప్రతినిధి గొంతు నొక్కే యంత్రం ఇది. తిరస్కరించండి."

"సార్, అదే కదా దాని పని! అది మిమ్మల్ని తుపాకీ అనుకుంది" అంది వదిన.

"పొగడ్తలకి లొంగను" అన్నారు మంత్రిగారు.

నీలం డబ్బా కొంచెం నాసి. మోత రాగానే మూసుకుంటుంది గాని మళ్ళీ తెరుచుకోవడానికి బద్ధకం. ప్రసంగంలో పెద్ద మాటలన్నీ పోయి వాటి మధ్య మిగిలిన చిన్న మాటలు వినిపించాయి. పేదలు, యువత, త్యాగం వంటివన్నీ మఫ్ మింగేసింది. 'అయితే', 'కాని', 'చూద్దాం' మాత్రం అందాయి. నోట్సు రాసుకుంటున్న నాకు పనిలో పని, ప్రసంగం సారాంశం దొరికింది.

ఇక పచ్చ డబ్బా. అన్నిటికన్నా చవక. రేకు లాంటి కప్పులు, చెవికి ఆనీ ఆనకుండా ఉండే మెత్తలు. మంత్రిగారు మొదటి మాట అనగానే మేమంతా కుర్చీల్లో ఎగిరిపడ్డాం. అది చిన్న శబ్దాన్ని పెంచింది. పెద్ద శబ్దాన్ని ఇంకా పెంచింది. మూసుకోవడం దానికి ఎవరూ నేర్పలేదు. మైకుసెట్టు ఓనరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సార్, ప్రతి అక్షరం గుండెల్లో దిగింది! ఇదీ సౌండంటే!"

వదిన మఫ్ తీసి బల్లమీద పెట్టింది. "ఇది మఫ్ కాదు సార్, లౌడ్‌స్పీకరు. దీంతో తుపాకీ పేలిస్తే ఉన్న చెవులు కూడా పోతాయి. దూదే నయం."

మంత్రిగారు కుడి చెవి వంచారు. పి.ఏ. ఊదాడు.

"అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా గట్టి. ఏకగ్రీవం" అని ప్రకటించారు మంత్రిగారు.

మర్నాడు మా పత్రికలో నేనే రాశాను: 'ప్రతి చెవికీ ప్రభుత్వం గొంతు'. వదిన రెండు రోజులు నాకు కాఫీ ఇవ్వలేదు.

ప్రారంభోత్సవం రేంజిలోనే పెట్టారు. పచ్చ డబ్బాలు గోడలా పేర్చారు. మొదటి తూటా మంత్రిగారు పేల్చాలి. వదిన చిన్న పిస్టల్ అందిస్తే ఆయన ఫొటోగ్రాఫర్ల వైపు చూసి, "ఇది కనపడుతుందా?" అన్నారు. రెండు గొట్టాల తుపాకీ తెప్పించారు. రేకుల షెడ్డు కింద నిలబడ్డారు. లావు కాడల నల్లకళ్ళద్దాల మీద పచ్చ మఫ్ పెట్టారు. చెవికీ మెత్తకీ మధ్య వేలు పట్టేంత సందు.

"సార్, కళ్ళద్దాలు తీసెయ్యండి, గాలి దూరుతోంది" అంది వదిన.

"కళ్ళద్దాలు లేకపోతే నన్ను ఎవరు గుర్తుపడతారమ్మా?"

"పోనీ వాల్యూమైనా తగ్గించండి సార్. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను."

"నాకు చప్పట్లు వినపడాలి" అని ఆయన దాన్ని చివరంటా తిప్పారు.

వదిన వెనక్కి తిరిగి పిల్లల్ని గోడ అవతలికి తోలింది. "వేళ్ళు చెవుల్లో పెట్టుకోండి. నేను చెప్పేదాకా తియ్యొద్దు." పొడుగమ్మాయి చెవుల మీద తన అరచేతులు కూడా వేసింది. నన్ను చూసి, "ఏమోయ్ మరిదీ, నీకు ప్రత్యేకంగా చెప్పాలా?" అంది. నేను పెన్నూ పుస్తకం పడేసి చెవులు మూసుకున్నాను.

మంత్రిగారు రెండు ట్రిగ్గర్లూ ఒకేసారి నొక్కారు.

రేకులు ఇంకా మోగుతూనే ఉన్నాయి, ఆయన పి.ఏ. ఒళ్ళో పడ్డారు. ప్రజలు చప్పట్లతో షెడ్డు అదరగొట్టారు. మంత్రిగారు లేచి, బట్టలు దులుపుకుని, చుట్టూ చూశారు.

"చప్పట్లు కొట్టరేం?" అని అరిచారు.

పి.ఏ. కంగారుపడి సైగ చేశాడు. జనం ఇంకా గట్టిగా కొట్టారు.

"కొట్టండయ్యా!"

అరచేతులు ఎర్రబడేదాకా కొట్టారు. అంత వినయంగా చప్పట్లు కొట్టిన సభని నేను చూడలేదు.

ఆ తర్వాత మంత్రిగారి ప్రతిష్ఠ ఎక్కడికో పెరిగింది. చట్టసభలో ప్రతిపక్షంవాళ్ళు పచ్చ డబ్బాల కుంభకోణమని గొంతు చించుకుంటే ఆయన చిరునవ్వుతో కూర్చున్నారు. 'నిబ్బరానికి నిలువెత్తు రూపం' అని అన్ని పత్రికలూ రాశాయి. కార్మికులు గేటు ముందు నినాదాలు చేస్తుంటే కిటికీలోంచి చెయ్యూపారు. వచ్చిన ప్రతి అర్జీదారుడికీ తల పంకించి, "చూద్దాం, తప్పకుండా చూద్దాం" అన్నారు. ఇదివరకు అన్నదీ అదే కాబట్టి ఎవరికీ తేడా కనిపించలేదు.

రేంజిలో మాత్రం వదిన పచ్చ డబ్బాల్ని గోడౌన్‌లో పెట్టి తాళం వేసింది. తుపాకులకీ వేసింది. "పిల్ల చెవి పోయాక పతకం ఎందుకు?" అంది. జట్టు ఎంపిక పోటీలు దగ్గరపడ్డాయి. పొడుగమ్మాయి రోజూ వచ్చి తాళం వైపు చూసి వెళ్తోంది.

చివరికి వదిన ఎర్ర డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని, ఫైలు తీసుకుని మంత్రిగారి దర్బారుకి బయల్దేరింది. నేనూ వెళ్ళాను. గదినిండా అర్జీదారులు. మా వంతు వచ్చింది.

"సార్, ఎర్ర డబ్బావే కావాలి. లేకపోతే రేంజి తెరవను."

మంత్రిగారు నవ్వి తల పంకించారు. "చూద్దాం, తప్పకుండా చూద్దాం."

వదిన ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత నావైపు వంగి, "ఈ నవ్వు నాకు తెలుసు మరిదీ. మీ అన్నయ్య ఎడమవైపు నుంచి మాట్లాడినప్పుడు నేను నవ్వేది ఇదే" అంది.

మళ్ళీ ఆయన వైపు తిరిగి, నెమ్మదిగా, మర్యాదగా అంది: "సార్, మీ ఇల్లు తగలబడుతోంది."

"చాలా సంతోషమమ్మా. అంతా మీ అభిమానం."

వదిన ఫైలు తెరిచి ఆయన ముందు పెట్టి సంతకం చోటు వేలితో చూపించింది.

పి.ఏ. చటుక్కున వంగి కుడి చెవిలో ఊదాడు. "బడ్జెట్ లేదు సార్. వద్దనండి."

చెవికి వెచ్చటి గాలి తగిలింది. పి.ఏ. ఏదో సలహా చెప్పాడని మంత్రిగారికి అర్థమైంది. ఎదురుగా ఫైలుంది. పెన్ను తీసి సంతకం పెట్టేశారు.

"సార్, వద్దన్నాను!" పి.ఏ. ఇంకా దగ్గరికి వంగి, ఇంకా గట్టిగా ఊదాడు.

మంత్రిగారు "ఇంకోటి కూడానా?" అని పక్కనున్న ఫైలు లాక్కుని దానిమీదా పెట్టారు. అది ఎన్నాళ్ళుగానో తిరుగుతున్న స్కూలు మైదానం ఫైలు. ఆ స్కూలు హెడ్మాస్టారు కుర్చీలోనే కళ్ళు తుడుచుకున్నాడు. పి.ఏ. ఊదినకొద్దీ సంతకాలు పడ్డాయి. ఈతకొలనుకి నీళ్ళొచ్చాయి. వ్యాయామం టీచర్ల పెన్షన్లు వచ్చాయి. అర్జీదారులు ఫైళ్ళు పట్టుకుని పి.ఏ. చుట్టూ మూగి, "మాకోసం కూడా ఒక్కసారి వంగండి బాబూ" అని బతిమాలారు. పి.ఏ. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

మా పత్రిక ఆయన్ని 'ఏడాది మేటి మంత్రి'గా ఎంపిక చేసింది. ఈసారి వార్త రాయడానికి నాకు మనస్సాక్షి అడ్డం రాలేదు.

పొడుగమ్మాయి ఎర్ర మఫ్‌లతో పోటీలకి వెళ్ళి జట్టులో చోటు తెచ్చుకుంది. ఈల ఇంకా పోలేదట గాని, పెరగడం ఆగింది. ఆ రోజు సాయంత్రం వదిన నాకు కాఫీ ఇచ్చి, కుడి చెవి నావైపు ఉండేలా కూర్చుంది.

"ఏమోయ్ మరిదీ, ఆర్థిక మంత్రిగారికి ఫొటోలంటే సరదాయేనా?"

"ఎందుకు వదినా?"

"గోడౌన్‌లో పచ్చ డబ్బాలు ఊరికే పడున్నాయి. పాపం, మిగతా మంత్రుల్ని మన రేంజికి ఎవరూ పిలవట్లేదు."